కరెంటు, మందు, మా అత్తమ్మ

నా ఎడమ చెవి మొద్దుబారిందని నాకంటే ముందు మా బడి పిల్లలు కనిపెట్టారు. తెలకపల్లిలో హైస్కూలు పిల్లలకు నేను లెక్కలు చెబుతాను. రెండువేల ఐదు చలికాలంలో తొమ్మిదో తరగతి అల్లరి పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు నా ఎడమ పక్క బెంచీలకు మారిపోయారు. ఆ పక్క ఏం మాట్లాడుకున్నా టీచరమ్మకు వినబడదని వాళ్ళకు అర్థమైపోయింది. నాకు మాత్రం కాలేదు. నాగర్‌కర్నూలు నుంచి పొద్దున్నే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తాను కదా, చలిగాలికి చెవి మూసుకుపోయిందనుకున్నాను.

చెవిలో చుక్కలు వేసుకున్నాను. ఆవిరి పట్టాను. పొద్దున ముక్కు చీదితే రుమాలుకు అప్పుడప్పుడు నెత్తురు చార అంటుకునేది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఒక్క చెవే నెలల తరబడి మూసుకుపోయి ఉంటే నాలాగ చుక్కల సీసాలు మార్చుకుంటూ కూర్చోకండి. ముక్కు లోపలికి చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నేను శివరాత్రి దాకా కూర్చున్నాను.

శివరాత్రి దాటాక ఒక పెళ్ళికి బయలుదేరుతుంటే మా బిడ్డ స్వప్న నా మెడలో గొలుసు కొక్కెం పెడుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఈడ గడ్డేందే?"

చెవి కింద, దవడ మూల దాటగానే, రేగుపండంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పెళ్ళికి పోయి, భోజనం చేసి, ఫొటో దిగి వచ్చాం. మా ఆయన శేఖర్ మాత్రం దారి పొడుగునా అద్దంలో నా మెడ వైపే చూస్తూ బండి నడిపాడు. ఆయనకు నాగర్‌కర్నూలులో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం ఉంది. కాలిపోయిన మోటరు తెస్తే విప్పకముందే వాసన చూసి ఏం చెడిందో చెప్పగలడు. మర్నాడు దుకాణం తెరవకుండా నన్ను వనపర్తికి తీసుకుపోయాడు.

అక్కడ చెవి, ముక్కు చూసే డాక్టరు మా ఆయనకు తెలిసినవాడే. ముందు నవ్వుతూ పలకరించాడు. సన్నని గొట్టం ముక్కులో పెట్టి చూశాక నవ్వడం మానేశాడు. "మీరు హైదరాబాదు పోవాలమ్మా, ఈ వారంలోనే" అన్నాడు. తిరుగు బస్సులో మేమిద్దరం వనపర్తి నుంచి ఇల్లు చేరేదాకా ఎండిపోయిన చేలు చూస్తూ కూర్చున్నాం. దిగేముందు మా ఆయన ఒకే మాట అన్నాడు.

"అనసూయా, స్వప్నకు పరీక్షలయ్యేదాక చెప్పొద్దు."

స్వప్న ఆ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తోంది. చెప్పలేదు. దానికి మొదటి రోజే తెలిసిపోయిందట. మేం బాధపడతామని తనకు తెలియనట్టు నటించిందట. అందరం ఒకరినొకరం కాపాడుకుంటూ పదిహేను రోజులు బ్రహ్మాండంగా నటించాం.

*మార్చి చివర*

హైదరాబాదు పెద్దాసుపత్రిలో ముక్కు లోపలి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు, జబ్బు పెట్టిన బాధలన్నిటికంటే బరువైనవి. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది. ఆమెకు నా వయసే ఉంటుంది.

"ముక్కు వెనక, గొంతు పైన మొదలయ్యే క్యాన్సర్ అమ్మా ఇది. మెడలోకి పాకింది. ముదిరిందనే చెప్పాలి. కానీ ఇది కత్తితో కోసే జబ్బు కాదు. రేడియేషను, కీమో మందు రెండూ కలిపి ఇస్తాం. రెండూ కలిస్తే ఇబ్బంది ఎక్కువ ఉంటుంది. గుణం కూడా ఎక్కువ ఉంటుంది."

మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. మా ఆయన అదే మాటతో అడిగాడు. "రెండు ఒక్కపారే ఎందుకు మేడం? కరెంటు అయినంక మందు ఇయ్యరాదా? జర తట్టుకుంటది గద."

"ఆ మందు పడితే గడ్డకు కరెంటు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే కలిపి ఇచ్చేది."

ఆయన తల ఊపాడు. బయటికి వచ్చాక నాతో, "సింగిల్ ఫేజ్ మీద నడిచేది కాదన్నట్టు. త్రీ ఫేజ్ గావాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. తర్వాత చాయ్ తెస్తానని పోయి, చాయ్ కొట్టు డబ్బా వెనక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం నేను కూర్చున్న చోటికే కనబడింది. చాయ్ చల్లారిపోయాక తెచ్చాడు. ఇద్దరం తాగాం.

*ఏప్రిల్*

వైద్యం మొదలుపెట్టే ముందు పుచ్చిపోయిన రెండు దవడపళ్ళు పీకించారు. కరెంటు పడ్డాక పళ్ళు పీకితే పుండు మానదట. తర్వాత ముఖానికి ముసుగు చేశారు. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలిని నా ముఖం మీద పరిచి, ముక్కు, గడ్డం ఆకారం వచ్చేలా నొక్కి ఆరబెట్టారు. రోజూ నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఆ ముసుగును బల్లకు బిగిస్తారు. తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మొదటి రోజు ముసుగు బిగించి అందరూ గది బయటికి వెళ్ళి తలుపు వేసుకున్నప్పుడు, గొంతులోంచి అరుపు వచ్చి పళ్ళ దగ్గర ఆగింది. అరవాలన్నా నోరు తెరుచుకోదు. అందుకని ఎక్కాలు చదువుకున్నాను. పంతొమ్మిదో ఎక్కం దగ్గర తలుపు తీశారు. లెక్కల టీచరునవడం నాకు అంతగా పనికొచ్చిన రోజు ఇంకోటి లేదు.

ఇలా వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు. మధ్యమధ్య రోజంతా సెలైను పెట్టి మందు ఎక్కిస్తారు. ఆసుపత్రి వెనక సందులో పేషెంట్లకు అద్దెకిచ్చే గదుల్లో ఒకటి తీసుకున్నాం. మొదటి వారం మా అక్క వచ్చి ఉంది. ఆమెకు ఇంటి దగ్గర ముసలి మామ ఉన్నాడు, ఎక్కువ రోజులు ఉండలేదు. మా అమ్మ లేదు. మా ఆయనకేమో ఎండాకాలం వచ్చిందంటే బోర్లలో నీళ్ళు అడుగంటి మోటార్లు కాలిపోయి దుకాణం ముందు రైతులు వరసలో నిలబడతారు. పైరు ఎండుతుందని ఏడ్చే మనుషుల్ని వదిలి రాలేడు. నన్ను వదిలి ఉండలేడు. ఆదివారాలు వచ్చి పోతున్నాడు.

రెండో వారం ఆదివారం మా ఆయన వెనక మా అత్తమ్మ దిగింది. భుజాన మూట, చంకలో రాగిపిండి డబ్బా.

ఇక్కడ మా అత్తమ్మ సంగతి చెప్పాలి. పేరు బుచ్చమ్మ. ఉప్పునుంతల దగ్గర ఊళ్ళో చిన్న కొడుకుతో ఉంటుంది, ఇప్పటికీ చేనుకు పోతుంది. అప్పటికి రెండేళ్ళుగా ఆమెకూ నాకూ మాటల్లేవు. కారణం ఒక బర్రె. మేం వేరు కాపురం పెట్టి నాగర్‌కర్నూలు వచ్చేటప్పుడు పాలిచ్చే బర్రెను చిన్న కోడలికి ఇచ్చింది. నేను అడిగితే నలుగురిలో, "జీతమొచ్చేదానికి బర్రెందుకు? పాల పాకెట్లు కొనుక్కుంటది" అంది. నేనూ ఏదో అన్నాను. అంతే. ఆ తర్వాత పండుగకు పోయినా ఆమె నాకు చెప్పాల్సింది స్వప్నకు చెప్పేది, నేను స్వప్నకు బదులిచ్చేదాన్ని. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా పద్ధతి అదే.

ఇప్పుడు గదిలో స్వప్న లేదు, నాగర్‌కర్నూలులో వాళ్ళ నాన్నకు వండిపెడుతోంది. మా ఆయన సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. నేను మంచం మీద, అత్తమ్మ కింద చాప మీద. కాసేపటికి ఆమె స్టవ్ మీది గిన్నె దించి నీళ్ళకుండ వైపు తిరిగి అంది.

"జావ అయింది. తాగేటోళ్ళు తాగొచ్చు."

నేను కిటికీ వైపు చూస్తూ, "తాగేటోళ్ళకు ఉప్పు తక్కువ గావాలె" అన్నాను.

ఆమె కుండతోనే అంది: "ఉప్పు తక్కువే ఏసినం."

అలా కొన్ని రోజులు మా సంసారానికి ఆ నీళ్ళకుండే మధ్యవర్తి. కానీ ఆసుపత్రి హాల్లో ఆమె సంగతి వేరు. కరెంటు గది ముందు బెంచీల మీద రోజూ అవే ముఖాలు, అవే మెడలు, నా మెడలాగే మెల్లగా నల్లబడుతున్నవి. ఎవరి బాధ వాళ్ళు చూసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. అత్తమ్మ వచ్చిన రెండో రోజుకే ఎవరిది ఏ ఊరో, ఎవరికెందరు పిల్లలో తెలుసుకుంది. గద్వాల వైపు నుంచి వచ్చిన మల్లప్ప అనే రైతుకు గొంతులో జబ్బు, మాట పోయింది. ఏదైనా కావాలంటే చప్పట్లు కొడతాడు. ఒకసారి కొడితే నీళ్ళు, రెండుసార్లు కొడితే బయటికి. ఆయన భార్యది రాయచూరు వైపు పుట్టిల్లు. పొద్దున కనబడగానే అందరినీ "ఊట ఆయితా?" అని పలకరించేది. అన్నం తిన్నారా అని. సగం మందికి మింగుడు పడని ఆ హాల్లో అది అడగకూడని ప్రశ్న. అయినా ఆమె అడిగే తీరుకు అందరూ తల ఊపేవాళ్ళు.

ఒకరోజు నేను లోపలి నుంచి బయటికి వస్తుంటే అత్తమ్మ గొంతు వినబడింది. ఆమెకు నేను వచ్చింది తెలియదు.

"మా పెద్ద కోడలు లెక్కల టీచరమ్మ. సర్కారు బడి. బోర్డు నిండ లెక్క ఏస్తది, గ్యాపకం తోనే. పుస్తకం ముట్టది."

మల్లప్ప రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన భార్య కంగారుపడి నీళ్ళ సీసా అందించింది. అవి నీళ్ళ కోసం కొట్టినవి కావు. నేను తలుపు దగ్గరే కొంచెంసేపు ఆగి, అప్పుడే వచ్చినట్టు నడిచాను.

మొదటిసారి మందు ఎక్కించిన మర్నాడు సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. కడుపులో ఏమీ మిగలకపోయినా ఆగలేదు. తొట్టి పట్టుకుని వంగి ఉంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. అత్తమ్మ ఒక్క అడుగులో వచ్చి నా నుదురు తన అరచేతిలో పట్టుకుంది.

"ఏమైతుందే? ఏందే అనసూయా, నాకు చెప్పరాదే! నేను లేనా ఈడ?"

వాంతి ఆగాక ముఖం కడిగింది. కొంగుతో తుడిచింది. నేను, "అత్తమ్మా, జర నీళ్ళియ్యి" అన్నాను. కుండ దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకొచ్చింది. బర్రె సంగతి ఇద్దరం ఎత్తలేదు.

*మే*

మూడో వారం నుంచి నోరు పూసింది. నాలుక మీద, బుగ్గల్లోపల పుళ్ళు. రుచి పోయింది. చక్కెర వేసినా మట్టి, ఉప్పు వేసినా మట్టి. ఉమ్మి చిక్కబడి తీగలా సాగేది. ఇవన్నీ వస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. వచ్చినప్పుడు మాత్రం నాకొక్కదానికే వచ్చినట్టు అనిపించింది. హాల్లో నాకంటే రెండు వారాలు ముందున్న ఒక కాలేజీ అమ్మాయి, ఐసుముక్క నోట్లో పెట్టుకుని పుక్కిలించమని, జావ చల్లగా తాగమని సైగలతో నేర్పింది. నా తర్వాత వచ్చినవాళ్ళకు నేను నేర్పాను. ఆ బెంచీ మీద చదువు అలా నడిచేది.

ఆ రోజుల్లోనే నా పళ్ళు చూపించుకోవడానికి దంతాల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నన్ను చూసి, పక్కన నిలబడ్డ అత్తమ్మను చూసి ఆగాడు. ఆమె పెదవి లోపల తంబాకు ఉంది. పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. రాగిపిండి డబ్బాలో అడుగున తంబాకు చిన్న డబ్బా దాచుకుని తెచ్చిందని నాకు అప్పటికే తెలుసు.

"నోరు తెరవమ్మా" అన్నాడు డాక్టరు.

"నాకెందుకు సారూ? పేషెంటు ఈమె" అంది అత్తమ్మ.

"తెరవండి, ఒకసారి చూస్తా."

"ఈమెకొచ్చింది ముక్కుల. నా నోట్ల తంబాకుకు దానికి ఏం సంబంధం?"

చివరికి తెరిచింది. బుగ్గ లోపల తెల్లని మచ్చ. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాడు.

దానితో మా వేషాలు తారుమారయ్యాయి. రెండురోజుల తర్వాత ఫలితం కోసం పోయి బెంచీ మీద కూర్చుంటే నేను ఆమెకు తోడొచ్చినదాన్ని. నా మెడ కాలిన పెనంలా ఉంది, నోట్లోంచి మాట రాదు. పక్కన కూర్చున్నాయన నన్ను జాలిగా చూసి అత్తమ్మతో, "ఎన్ని దినాలయిందమ్మా మీ బిడ్డకు?" అని అడిగాడు. అత్తమ్మ, "ఈమె బాగనే ఉంది. నాకే బాగలేదు" అంది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి లేచి వేరే బెంచీకి పోయాడు. నాకు నవ్వు ఆగలేదు. పుళ్ళ నోటితో నవ్వితే ఎంత మంటో అప్పుడే తెలిసింది. అయినా నవ్వాను.

నవ్వుతూనే చూశాను, అత్తమ్మ ఆసుపత్రి చీటీని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. పేరు పిలిచేదాకా వదల్లేదు.

క్యాన్సర్ కాదన్నారు. కానీ తంబాకు ఇవాళే మానెయ్యాలి, లేకపోతే అదే అవుతుంది అన్నారు. ఆమె బయటికి రాగానే చిన్న డబ్బాను మురిక్కాలవలో పారేసింది. తర్వాత వారం రోజులు చీటికిమాటికి అందరి మీదా విసుక్కుంది. స్టవ్ మీద, సబ్బు మీద, హైదరాబాదు ఎండ మీద కూడా.

అయిదో వారం గడిచేసరికి నాకు గుటక దిగడం లేదు. నీళ్ళు మింగితే గాజుపెంకులు మింగినట్టు. బరువు పడిపోయాను. ముక్కులోంచి గొట్టం వేసి దానిలో ఆహారం పోయాలన్నారు. గొట్టం అన్న మాట వినగానే నాలో ఏదో తెగిపోయింది. కబురు అందుకుని మా ఆయన దుకాణం మూసి వచ్చాడు. మాట రాక దగ్గర పెట్టుకున్న పలక మీద రాసి చూపించాను: ఇంక చాలు, ఇంటికి పోదాం.

"ఇంక రెండు వారాలే గదనే" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. బతిమాలాడు. తర్వాత కోపం చేశాడు. "నీకు లెక్కలొస్తయి గద! ఎంతైందో, ఎంత మిగిలిందో నీకు తెల్వదా?" అని అరిచి, గుమ్మం దగ్గర కూలబడి తల పట్టుకున్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. స్వప్నను తలుచుకున్నా మనసు కదల్లేదు. అలాంటి అలసట ఒకటుంటుంది. అది వచ్చినవాళ్ళను దయచేసి తిట్టకండి, పిరికివాళ్ళనకండి.

అత్తమ్మ లేచి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. చాప చుట్టింది. స్టవ్ తుడిచింది. రాగిపిండి డబ్బా మూత బిగించింది.

"ఏం జేస్తున్నవమ్మా?" అన్నాడు మా ఆయన.

"పోదామంటుంది గద. పోదాం. పొయ్యేటప్పుడు ఆ మూలమీది డబ్బా దగ్గర ఆపు, తంబాకు కొనుక్కుంట."

నేను ఇటు తిరిగాను. పలక అందుకుని రాశాను. ఆమెకు చదవడం రాదు. మా ఆయన చదివి వినిపించాడు. "డాక్టరు వద్దన్నాడు కదా అంటుందమ్మా."

"ఆమెకు చెప్పలేదా డాక్టరు? ఆమెకో డాక్టరు, నాకో డాక్టరా?" మూట మీద కూర్చుని సూటిగా నా ముఖంలోకి చూసింది. "నాకు రోజు చిగుర్లు గుంజుతున్నయే. పిచ్చి లేస్తుంది. దినాం ఆ డబ్బా ముంగటికెల్లి నీకు ఐసు తేవడానికి పోతున్న. ఒక్కనాడు కొన్ననా? నువ్వు ఆపితే నేను మొదలుపెడ్త. నువ్వు గొట్టం ఏపిచ్చుకుంటే నేను జన్మల ముట్ట. ఇగ నీ ఇష్టం."

నేను పలక తుడిచి రెండు ముక్కలు రాశాను. మా ఆయన పైకి చదవకుండా నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళలో నీళ్ళతో.

"ఏమన్నది? ఏందిరా, చెప్పు!"

"మూట విప్పు అన్నదమ్మా."

గొట్టం వేసేటప్పుడు కన్నీళ్ళొచ్చాయి. తర్వాత దానంత సుఖం లేదు. పళ్ళతో, నాలుకతో, గొంతుతో పనిలేకుండా కడుపు నిండేది. అత్తమ్మ రాగిజావ పలచగా వడగట్టి గొట్టంలో పోస్తూ, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. ఆమె పరాచికాలాడుతుందని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది. మల్లప్ప కరెంటు ఆఖరిరోజు మా బెంచీ అంతా చప్పట్లు కొట్టింది. ఆయన అందరికీ దండం పెట్టి, భార్య భుజం పట్టుకుని నడిచిపోయాడు. కాలేజీ అమ్మాయి మధ్యలో ఒకరోజు నుంచి రావడం మానేసింది. ఆమె చోటులో ఎవరూ కూర్చోలేదు, చాలా రోజులు. అది కూడా రాయాలి.

స్వప్న ఫలితాలు వచ్చింది ఆ రోజుల్లోనే. ఫస్టు క్లాసు. లెక్కల్లో మాత్రం నేను అనుకున్నదానికంటే తక్కువ. ఫోను అత్తమ్మ చెవి దగ్గర పెట్టుకుని మనవరాలు చెప్పింది విని నాతో, "లెక్కల్ల జర తగ్గినయంట. ఇంటికొచ్చినంక కొట్టు" అంది. జూన్ మొదటి వారంలో ముసుగు ఆఖరిసారి విప్పారు. కావాలంటే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వద్దన్నాను.

*వానలు మొదలయ్యాక*

వైద్యం అయిపోయిన రోజే బాగైపోతుందనుకునేవాళ్ళకు ఒక మాట. కాదు. ఆ తర్వాత రెండు వారాలు ఇంకా కష్టం. దాని తర్వాత మెల్లగా, మొక్కకు ఆకు వచ్చినంత మెల్లగా. గొట్టం తీశారు. మొదట నీళ్ళు, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత మెత్తగా పిసికిన అన్నం. నాలుక మీదికి మొదట తిరిగొచ్చిన రుచి పులుపు. చింతపండు చారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని నేను లేచి నిలబడితే, ఏమైందోనని మా ఆయన దుకాణం దాకా వినబడేలా కేక వేసింది స్వప్న. ఆయన గ్రీజు చేతులతో పరుగెత్తుకొచ్చి, చారు సంగతి విని, అక్కడే నేలమీద కూర్చుని తనూ ఒక గ్లాసు తాగాడు.

దసరా ముందు స్కానుకు రమ్మన్నారు. డాక్టరమ్మ ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూస్తున్నంతసేపూ అత్తమ్మ ఆమె ముఖాన్ని చూసింది, నేను అత్తమ్మ ముఖాన్ని చూశాను. "గడ్డ ఎక్కడా కనబడటం లేదమ్మా" అంది డాక్టరమ్మ. అత్తమ్మ, "ఇంకోపారి చూడు బిడ్డా, మంచిగ చూడు" అంది. ఆమె నవ్వుతూ ఇంకోసారి చూసింది. లేదు.

బడికి పోవడం మొదలుపెట్టాను. నోట్లో ఉమ్మి తక్కువ, పక్కన ఎప్పుడూ నీళ్ళ సీసా ఉండాలి. ఎడమ చెవి పూర్తిగా తిరిగి రాలేదు. తరగతిలో బల్లను జరిపి గోడ వైపు వేసుకున్నాను, పిల్లలంతా ఇప్పుడు నా కుడి పక్కనే ఉంటారు. ఇంటా బయటా అందరూ నన్ను గాజుబొమ్మలా చూశారు. మా ఆయన బిందె ఎత్తనివ్వడు. తోటి టీచర్లు నా పీరియడ్లు వాళ్ళు తీసుకుంటారు. బస్సులో చోటు ఇస్తారు. ఎంత మంచి మనుషులో! కానీ అందరి కళ్ళలో ఒక మెత్తదనం. అది చూసినప్పుడల్లా నాకు తెలియనిదేదో వాళ్ళకు తెలుసేమోనని భయం వేసేది.

*మరుసటి ఏడు, పల్లికాయ పెరికే కాలం*

ఉప్పునుంతల దగ్గర మా మరిది చేనులో పల్లికాయ పెరికారు. సెలవు రోజున పోయాం. వేపచెట్టు నీడలో పెరికిన వేరుశనగ చెట్లు కుప్పపోసి ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కాయలు తెంపుతున్నారు. నేనూ కూర్చున్నాను. మా తోటికోడలు నా ముందు చిన్న కుప్ప పెట్టింది, నాకు కష్టం కాకుండా. ఎండ మంచిగా ఉంది. కబుర్లు చెప్పుకుంటూ తెంపుతున్నాం. అత్తమ్మ లేచి తిరుగుతూ అందరి పని చూస్తోంది. నా వెనక ఆగింది. నేను తెంపి పడేసిన చెట్టును ఒకటి పైకెత్తింది.

"ఏందే అనసూయా ఇది! సగం కాయ చెట్టుకే ఇడిసిపెడ్తున్నవ్. కండ్లు లేవా, చేతులు లేవా? ఇట్ల తెంపితే బర్రెలు తింటయి, మనం తినం!"

ఆడవాళ్ళంతా ఠక్కున ఆగిపోయారు. తోటికోడలు కంగారుగా, "ఊకో అత్తా! పాపం, పానం బాగలేని మనిషిని అట్లంటవేంది?" అంది.

"ఎవతికి బాగలేదు?" అత్తమ్మ గొంతు పక్క చేను దాకా వినబడి ఉంటుంది. "బాగలేనప్పుడు చూసుకున్నది నేను గాదా? నాకు తెల్వదా? ఇప్పుడు ఆమెకు మంచిగైంది. పట్టు, ఇదో పట్టు!"

చేతిలో చెట్టు నా ఒళ్ళో పడేసి ముందుకు పోయింది. గడ్డ పోయిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా నాకు అంత నమ్మకం కలగలేదు. ఆ చెట్టును దగ్గరికి లాక్కుని వేళ్ళ మధ్య మట్టి విదిలించి వెతికాను. నిజమే, ఇంకా నాలుగు కాయలున్నాయి.